కవచము గుణము కాజాలదు

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ చౌరస్తా వరకు గల మార్గమున నేడు ఏ మందుల దుకాణమున ప్రవేశించినను, ఏ సూపర్ మార్కెట్టు అరల నడుమ నడచినను, పసుపు సారము, ఉసిరిక సారము, మునగాకు సారము, ద్రాక్షగింజల సారము చేర్చితిమని ప్రకటించుకొను పొడులును, బిస్కత్తులును, పానీయములును వరుసలు తీరి కనబడుచున్నవి. పోటీపరీక్షలకై జిల్లాలనుండి వచ్చి కోచింగ్ సెంటర్ల చుట్టునున్న హాస్టళ్లలో తలదాచుకొను యువకులు జ్ఞాపకశక్తికని యొకదానిని, చక్కెరవ్యాధితో వేగుచున్న విశ్రాంతోద్యోగులు రక్తశుద్ధికని మఱియొకదానిని కొనుచున్నారు. ఇట్లు కొనువారికిని, అమ్మువారికిని, చదువుకొన్నవారిలో పెక్కుమందికిని ఒక అభిప్రాయము స్థిరపడియున్నది: మొక్కలయందలి ఓషధీగుణములను శాస్త్రము పట్టి, కంటికి కనబడని సూక్ష్మకవచములలో భద్రపరచి, నిత్యాహారమునందు కలిపి యిచ్చుచున్నది గనుక, నగరజీవనమువలన పోగొట్టుకొన్న ఆరోగ్యము డబ్బాలో తిరిగి లభించునని. ఈ అభిప్రాయమునకు ఆధారము లేదనియు, దీనివలన జనులకు ధననష్టమేకాక కొందఱికి దేహనష్టము సైతము కలుగుననియు నిరూపించుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ఖండింపబూనిన వాదమును ముందుగా దాని పూర్ణబలముతో చెప్పుట న్యాయము. ఫలములయందును, ఆకుకూరలయందును, దుంపలయందును గల క్రియాశీల ద్రవ్యములు మిక్కిలి సుకుమారములు. నేరేడు, దానిమ్మల రంగునకు కారణమైన ఆంథోసయనిన్లు వేడిమికిని వెలుతురునకును ఓర్వజాలవు. ఉసిరికలోని సి విటమిను గాలి సోకినకొలది నశించును. పసుపునకు రంగునిచ్చు కర్క్యుమిన్ నీటిలో కరుగదు, క్షారమున నిలువదు. అట్టి ద్రవ్యమును వేరుచేసి, మాల్టోడెక్స్‌ట్రిన్, తుమ్మజాతి చెట్ల బంక, పాలవిరుగుడులోని మాంసకృత్తులు మొదలైన వాని ద్రావణముతో చక్కగా చిలికి, 150 నుండి 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల గాలిలోనికి సన్నని తుంపరగా చిమ్మినచో, నీరు క్షణములలో ఆవిరియై, బంకయో పిండియో ప్రతి బిందువు చుట్టును గోడవలె గట్టిపడి, లోని సారమును బంధించును. ఆ వేడిలో అధికభాగము నీటిని ఆవిరిచేయుటకే వ్యయమగుటచే లోని ద్రవ్యము గాలియంతగా వేడెక్కదు. ఇదియే స్ప్రే డ్రయ్యింగు. పరస్పర విరుద్ధ విద్యుదావేశములుగల జెలటిన్, బంకలను ఒకటిగా చేర్చి నూనెబిందువులచుట్టు పొర కట్టించు పద్ధతి మఱియొకటి. 1950లలో అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో బారెట్ గ్రీన్ అను శాస్త్రజ్ఞుడు దానిని కార్బను లేకయే నకలు తీయు కాగితమునకై సిద్ధపరచగా, పిమ్మట అది ఔషధములకును ఆహారమునకును ప్రాకినది. మైక్రోఎన్‌క్యాప్సులేషన్ అని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ విద్య సత్యమైన విద్య. దీనియందు మోసమేమియు లేదు. దానివలన సారము నిలువయుండును, దుర్గంధమును చేదును మరుగుపడును, జీర్ణాశయములోని ఆమ్లమును దాటి సారము ప్రేగులను చేరును. ఇంతవరకు ప్రతివాదులు చెప్పునదంతయు నేను అంగీకరించుచున్నాను.

అయితే ఇంతవరకు చెప్పినదానినుండి వారు చేయు నిర్ణయమును మాత్రము అంగీకరింపజాలను. సారము చెడకుండ చేరుట యొకటి. చేరిన సారము మేలుచేయుట మఱియొకటి. మొదటిదానిని ప్రయోగశాలలో గాజుపాత్రలతో నిరూపింపవచ్చును. రెండవదానిని వేలమంది మనుష్యులపై, ఏండ్ల తరబడి, జాగరూకతతో పరీక్షించిగాని నిరూపింపజాలము. ఉత్తరముపైనున్న కవరు దిట్టముగా ఉన్నంతమాత్రమున లోని వార్త నిజము కాదు. ఈ స్పష్టమైన భేదమును మఱచి, భద్రతను గుణముగా భ్రమించుటయే నేడు బజారునంతను ఆవరించిన దోషము.

ఈ భేదము మాటలయందే కాక మనుష్యుల ప్రాణములపై పరీక్షింపబడిన విషయము. ఆకుకూరలును, కారెట్టు, మామిడి మొదలైన పసుపుపచ్చని ఫలశాకములును విరివిగా తినువారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా వచ్చుట పరిశీలకులు గమనించియుండిరి. వానిలోని బీటాకెరోటిన్ అను ద్రవ్యమే దీనికి కారణమైయుండునని ఊహించి, ఫిన్లాండు దేశమున పొగత్రాగు 29,133 మంది పురుషులను ఎన్నుకొని, కొందఱికి దినమునకు 20 మిల్లిగ్రాముల బీటాకెరోటిన్ చొప్పున ఐదు మొదలు ఎనిమిది ఏండ్లు ఇచ్చిరి. అది నీటిలో కలియునట్లు చిన్న పూసలుగా సిద్ధపరచిన కెరోటిన్. అనగా నేటి ఆహారకర్మాగారములు గొప్పగా చెప్పుకొను విద్య అందు అప్పుడే వినియోగింపబడినది. సారము చేరలేదా? చేరినది, రక్తమున కెరోటిన్ పలురెట్లు పెరిగినది. మేలు జరిగెనా? 1994లో ఫలితములు వెలువడినప్పుడు, కెరోటిన్ పుచ్చుకొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు 18 శాతము అధికముగా నున్నట్లు తేలినది. అమెరికాలో పొగత్రాగువారు, త్రాగి మానినవారు, ఆస్బెస్టాస్ పనివారు మొత్తము పదునెనిమిదివేలకు పైబడినవారిపై కెరోటిన్‌ను ఎ విటమినుతో కలిపి యిచ్చి జరిపిన మఱియొక పరీక్షలో క్యాన్సరు 28 శాతము అధికము కాగా, 1996 జనవరిలో దానిని గడువునకు ముందే ఆపివేయవలసివచ్చినది. అమెరికా వైద్యులు ఇరువదిరెండువేలమందిపై పండ్రెండేండ్లు జరిగిన ఇంకొక పరీక్షలో హాని లేదు, మేలును లేదు. కూర తిన్నవానికి కలిగిన రక్ష, కూరనుండి వేరుచేసిన ద్రవ్యమును రక్తమున నింపినవానికి కలుగలేదు. అనేకులకు అపకారము కలిగినది. ఈ మూడు పరీక్షలు తెలిసిన పిమ్మట కూడ, సారము శరీరమునకు చక్కగా అందుచున్నదను నొక్కమాటనే ఆరోగ్యమునకు సాక్ష్యముగా చూపువారిని ఏమని సమర్థింపగలము?

మన తెలుగునేలకు ఆప్తమైన పసుపును గ్రహింతము. నిజామాబాదు మండలములో పండించి, ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపెట్టి అమ్ముచున్న పసుపుకొమ్మున కర్క్యుమిన్ నూటికి సుమారు రెండు మొదలు ఐదు పాళ్లు. నోటితో పుచ్చుకొన్న కర్క్యుమిన్‌లో రక్తమున చేరునది అత్యల్పము. చేరినదానిని సైతము ప్రేగుగోడయును, కాలేయమును శీఘ్రముగ మార్చి వెలుపలికి పంపును. 1998లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు రెండు గ్రాముల కర్క్యుమిన్‌తో మిరియములలోని పైపెరీన్ 20 మిల్లిగ్రాములు కలిపి యిచ్చినప్పుడు రక్తమున దాని పరిమాణము ఇరువదిరెట్లైనదని చూపిరి. అప్పటినుండి మిరియపు సారమును చేర్చియు, కవచములు తొడిగియు, కొవ్వుతో కలిపియు కర్క్యుమిన్‌ను రక్తమునకెక్కించుటయే ఒక వ్యాపారమైనది. కాని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ అను ప్రసిద్ధ పత్రికలో అంతవరకు జరిగిన నూటయిరువదికి పైబడిన మానవపరీక్షలను సమీక్షించిన రసాయనశాస్త్రజ్ఞులు, రోగికిని వైద్యునికిని తెలియకుండ మందును, ఉత్తిగుళికను పంచి జరిపిన పరీక్షలలో ఒక్కటియు కర్క్యుమిన్ పక్షమున సఫలము కాలేదని తీర్పుచెప్పిరి. ఆ సమీక్ష తరువాత కొత్త పరీక్షలు జరుగుచున్నవి; జరుగవలసినదే. అవి ముగిసి, ఇతరులచే మరల రుజువగువరకు అమ్మకము మాత్రము ఆగదాయెను.

ఇచ్చట ప్రతివాదులు మఱియొక తప్పు చేయుచున్నారు. ప్రేగులును కాలేయమును పరాయి ద్రవ్యములను మార్చి పంపివేయుటను వారు లోపముగా నెంచి, ఆ లోపమును తమ విద్యచే సవరించితిమని గర్వించుచున్నారు. అది లోపము కాదు. దేహము తన్ను తాను కాపాడుకొను ఏర్పాటు. పైపెరీన్ ఆ ఏర్పాటును మందగింపజేయునప్పుడు కర్క్యుమిన్ ఒక్కటియే కాదు, రోగి వాడుచున్న ఇతర ఔషధములు సైతము రక్తమున పెరుగవచ్చును. రక్తపుపోటుకు వాడు ప్రొప్రనొలాల్, ఉబ్బసమునకు వాడు థియోఫిలిన్‌ల విషయమున ఇది పరీక్షింపబడిన సంగతి. 2019లో ఇటలీదేశమున పసుపుసారపు గుళికలు వాడినవారిలో కాలేయపు వాపు వరుసగా కనబడగా, కాలేయవ్యాధులును పిత్తాశయమున రాళ్లును గలవారు వానిని వాడరాదను హెచ్చరికను ఆ దేశపు ఆరోగ్యశాఖ డబ్బాలపై ముద్రింపజేసినది. అమెరికాలోను పసుపుసారములవలన కాలేయము చెడినవారిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. వారిలో కొందఱు వాడిన గుళికలలో మిరియపు సారము కూడ ఉన్నది. మన పప్పులోను, చారులోను వేయు చిటికెడు పసుపువలన ఇట్టి ఆపద లేదు. తరతరములుగా మనము వాడిన మోతాదు వేఱు, నేడు అమ్ముచున్న మోతాదు వేఱు.

చేదు మరుగుపడుటయు నిట్టిదే. కాకరకాయను గాని, మెంతులను గాని, వగరైన తేయాకును గాని మనుష్యుడు ఎంత తినగలడు? నాలుక ఒక హద్దు విధించును. కవచము ఆ హద్దును తొలగించును. పిల్లలు సైతము మారాము చేయక తిందురని దీనిని సద్గుణముగా ప్రకటించువారు, హద్దు తొలగినప్పుడు మోతాదు బాధ్యత ఎవరిదో చెప్పరు. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2018లో పచ్చతేయాకు సారములను పరిశీలించి, వానిలోని ముఖ్యద్రవ్యమైన ఇజిసిజి దినమునకు 800 మిల్లిగ్రాములు గాని అంతకుమించి గాని గుళికలరూపమున పుచ్చుకొన్నచో కాలేయమునకు దెబ్బతగులు సూచనలు కనబడుననియు, కాచిన తేనీటిని సాధారణముగా త్రాగుట సురక్షితమనియు నిర్ణయించినది. మొక్క ఒకటే, ద్రవ్యమొకటే. రూపమును మోతాదును మారగా ఫలము మారినది.

ఇక కవచము దేనితో చేయబడినదో విచారింతము. తరచుగా ఒకపాలు సారమునకు మూడు నాలుగుపాళ్లు గోడసామగ్రి యుండును. ఆ సామగ్రిలో మిక్కిలి చౌకయైనదియు, అందుచే మిక్కిలి వాడుకలోనున్నదియు మాల్టోడెక్స్‌ట్రిన్. మొక్కజొన్నపిండినో కర్రపెండలపిండినో విరుగగొట్టి చేసిన ఈ పదార్థము రక్తమున చక్కెరను గ్లూకోజుతో సమానమైన వేగముతో పెంచునది. అయినను లెక్కకు చక్కెర కాదు గనుక, చక్కెర కలుపలేదని డబ్బాపై వ్రాసికొనుటకు అది అడ్డురాదు. చెంచాడు పొడిలో అది స్వల్పమే యైనచో అపాయము లేదని నేనును ఒప్పుకొందును. కాని పానీయముగా కలిపికొను పొడులలో అది స్వల్పము కాకపోవచ్చును. చక్కెరవ్యాధి తగ్గునను ఆశతో కొన్నవానికి తాను త్రాగుచున్నదానిలో అధికభాగము ఏ పదార్థమో తెలిసికొను హక్కు లేదా? సారము పేరు పెద్దయక్షరములతోను, కవచము పేరు భూతద్దమునకును అందని చిన్నయక్షరములతోను ముద్రించుట న్యాయమా?

"ప్రభుత్వము అనుమతించినది గదా" యని కొందఱు తుదకు శరణుజొత్తురు. మన దేశపు ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2016లో చేసిన నిబంధనలు 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. అవి ఇట్టి ఆహారములు ఔషధములు కావని డబ్బాపై వ్రాయవలెననియు, రోగము మాన్పునని చెప్పరాదనియు శాసించుచున్నవి. అనగా అమ్ముటకు అనుమతి యున్నది; మేలుచేయునని సాక్ష్యము మాత్రము అందు లేదు. ఆహారపదార్థము ఔషధము పేరును ఎరువుతెచ్చుకొనుటవలన కలుగు అనర్థమెట్టిదో మన నగరమే దేశమునకు చాటినది. నీళ్లవిరేచనములతో వాడిపోయిన పసిబిడ్డలకు ఇయ్యవలసిన ఓఆర్ఎస్ పేరును చక్కెరపానీయములు తగిలించుకొనుటను హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి ఎదిరించి పోరాడగా, 2025 అక్టోబరులో ఆ సంస్థ ఆహారపానీయముల పేర్లలో ఓఆర్ఎస్ అను మాటను వాడరాదని ఆదేశించినది. ఒక్క మాటను డబ్బాపైనుండి తొలగించుటకు అన్నియేండ్లు పట్టినప్పుడు, డబ్బాపై నున్న ప్రతిమాటయు ఎవరో పరీక్షించి ఉంచినదే యని నమ్ముట అవివేకము.

నగరవాసికి తీరిక లేదు, తాజా పండ్లు దొరకవు, పొడి తప్ప వేఱు దారి లేదను వాదమునందు కొంత బాధ యున్నది. ఆ బాధను నేను తేలికచేయను. కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్లమార్కెట్టు 2021లో విజయవాడ రహదారిపైనున్న బాటసింగారమునకు తరలిపోయినది. నల్లగొండ బత్తాయియు, మామిడియు లారీలనిండ దిగిన ఆ స్థలమున పెద్ద ఆసుపత్రి కట్టుటకు 2022 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి వలదని నేననను. కాని సరూర్‌నగర్, వనస్థలిపురములలోని రైతుబజార్లు ఇంకను మనకు అందుబాటులోనే యున్నవి. పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకు, జామ, ఉసిరిక మొదలైనవి ఏ కవచమును కోరక అచ్చట రాశులు పోసియుండును. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన భారతీయ ఆహారపదార్థ పట్టికలలో 528 ఆహారముల పోషకములు, కెరోటినాయిడ్లు, పాలీఫినాల్సుతో సహా, లెక్కగట్టబడియున్నవి. 2024లో ఆ సంస్థయే వెలువరించిన ఆహారమార్గదర్శకములు దినమునకు కూరగాయలు 400 గ్రాములును పండ్లు 100 గ్రాములును తినుడని చెప్పుచు, మాంసకృత్తుల పొడులను కొనవద్దని హెచ్చరించినవి. హాస్టలు విద్యార్థికి కొరతయైనది అన్నముతోబాటు చాలినంత కూర, పప్పు, పండు, వీనితోబాటు నిద్ర. ఆ కొరతను హాస్టలు యజమాని వంటశాలయందు తీర్చవలెను గాని, విద్యార్థి తన జేబునుండి డబ్బాతో తీర్చుకొనజాలడు. కూరలోని పీచును, ఖనిజలవణములను, నీటిని, నూఱారు ద్రవ్యములను విడిచి ఒక్కదానిని పట్టితెచ్చిన పొడి కూరకు ప్రతినిధి కానేరదు.

ఇంతమాత్రమున నన్ను పూర్వాచారపక్షపాతిగా నెవ్వరును ఎంచవలదు. పసుపుపాలతో సకలరోగములు నశించుననియు, మన పెద్దల వంటలో శాస్త్రమంతయు ముందే ఇమిడియున్నదనియు చెప్పువారి మాటయు నాకు సమ్మతము కాదు. వారును పరీక్ష లేకయే గుణమును ప్రకటించువారే. పచ్చి ఆకులోని కెరోటిన్ జీవకణముల గోడలలో చిక్కువడి అంతగా ఒంటబట్టదు. ఉడికించి కొంచెము నూనె చేర్చినచో మిక్కిలిగా బట్టును. ఇది పెద్దలు చెప్పినందువలన గాక, కొలిచి చూచినందువలన నిజము. పాతదైనను కొత్తదైనను ప్రమాణమొక్కటే: ఎవరికి, ఎంత మోతాదున, ఏ మేలు, ఎట్లు రుజువైనది?

ఈ ప్రమాణమునకు నిలిచిన ఉదాహరణము మన పొరుగుననే యున్నది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు ఆరంభించిన పోషకాహార పరిశోధన పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. మన స్త్రీలను, పిల్లలను పీడించు రక్తహీనత నెదుర్కొనుటకు ఆ సంస్థ ఉప్పులో అయొడినుతోబాటు ఇనుమునుగూడ చేర్చదలచినది. ఇనుము తగిలినచో అయొడిను నశించును, ఉప్పు రంగుమారును. దీనిని నివారించుటకు ఈ సంస్థ సోడియం హెక్సామెటాఫాస్ఫేటు అను స్థిరపరచు ద్రవ్యమును వాడగా, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమువారు ఇనుమునకు కవచము తొడిగిరి. ఇచ్చట రోగము తెలిసినది, కొరతయైన ద్రవ్యము తెలిసినది, గ్రాము ఉప్పున సుమారు ఒక మిల్లిగ్రాము ఇనుమను మోతాదు తెలిసినది, ఫలితమును జనులపై కొలిచి చూచినారు, సరకు పేదవానికి అందు ధరలో నున్నది. కవచప్రక్రియకు తగిన స్థానమిది. ద్రవ్యముయొక్క అవసరము ముందుగా రుజువై, దానిని చేర్చుటయందే చిక్కు మిగిలియున్నచోట ఈ విద్య లోకోపకారి. అవసరమే రుజువు కానిచోట అది వ్యాపారమునకు అలంకారము మాత్రమే.

దానిమ్మతొక్కలు, బత్తాయితొక్కలు మొదలైన వ్యర్థములనుండి సారము తీసినచో రైతునకు నాలుగు డబ్బులు వచ్చునని చెప్పువారి కోరిక మంచిది. ఆ సారములను రంగులకును, సువాసనలకును, నిలువపదార్థములు చెడకుండుటకును వాడుటయందు నాకు అభ్యంతరము లేదు; అచ్చట చెప్పిన పని జరిగినదో లేదో కన్నులు, నాలుకయే సాక్ష్యము చెప్పును. రోగనివారణమను పేరు తగిలించినప్పుడే సాక్ష్యభారము అమ్మువానిపై బడును.

కనుక ఈ పొడులను చేయువారిని మూడు ప్రశ్నలు అడుగవలెను. ఒక మోతాదులో ఓషధీద్రవ్యము ఎన్ని మిల్లిగ్రాములు, కవచపదార్థము ఏది, ఎంత? డబ్బాలోనున్న ఇదే సరకును మనుష్యులపై పరీక్షించిరా, లేక విడి ద్రవ్యమును ఎలుకలపైనను గాజుపాత్రలోను పరీక్షించిన ఫలితమును దీనికి అంటగట్టిరా? రక్తపుపోటు, చక్కెరవ్యాధి, మూర్ఛ మొదలైన వానికి మందులు వాడుచున్నవారు దీనిని పుచ్చుకొనిన ఏమగును? వీనికి జవాబులు తెలుగులో, చదువదగిన యక్షరములతో, డబ్బాపైననే ముద్రింపజేయుట ప్రభుత్వమువారి విధి. రోగి ఏమేమి పొడులు వాడుచున్నాడో మందుచీటి వ్రాయుటకు ముందే అడుగుట వైద్యుని విధి. ఆ మూడింటికి జవాబు లేని డబ్బాను అరమీదనే విడిచి, ఆ సొమ్ముతో సరూర్‌నగర్ రైతుబజారులో ఆకుకూరలును పండ్లును కొనుడని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాసులను, విశేషించి దూరపు ఊళ్లనుండి వచ్చి చదువుకొనుచున్న పిల్లలను, వారికి డబ్బు పంపు తల్లిదండ్రులను కోరుచున్నాను.